యుంగ్‌ఫ్రావ్ కొండ కింద మూడు ఊళ్లు: పిల్లలతో స్కీయింగ్‌కి వెళ్తే ఎక్కడ దిగాలి?

"స్విట్జర్లాండ్‌లో మంచుకి వెళ్దామనుకుంటున్నాం. గ్రిండెల్‌వాల్డ్ మంచిదా, వెంగెన్ మంచిదా, మ్యూరెన్ మంచిదా?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. మీలో అందరికంటే చిన్నవాళ్ల వయసెంత? అందరికంటే పెద్దవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? స్కీయింగ్ ఎంత బాగా వచ్చు అన్నది ఆ తర్వాతి మాట.

చాలామంది దీన్ని చివరి నుంచి మొదలుపెడతారు. మేమూ అలాగే చేశాం. మ్యాప్ ముందేసుకుని, ఎన్ని కిలోమీటర్ల పిస్టులున్నాయి, కొండెక్కించే లిఫ్టులు ఎన్నున్నాయి అని లెక్కపెట్టాం. పిస్ట్ అంటే యంత్రాలతో మంచును చదును చేసి, రంగు గుర్తులు పాతిన స్కీ బాట. ఈ మూడు ఊళ్ల విషయంలో ఆ లెక్క వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మూడింటికీ కలిపి ఒకే స్కీ పాస్ దొరుకుతుంది, దాని కిందికి 200 కిలోమీటర్లకు పైగా బాటలు వస్తాయి. పైగా గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్ ఒకే కొండకు అటొకటి, ఇటొకటి. మధ్యలో 2,061 మీటర్ల ఎత్తున క్లైనె షైడెగ్ అనే కనుమ, ఆ పక్కనే మెన్‌లిషెన్ అనే కొండ. ఆ రెండిట్లో పొద్దున్నే ఏ ఊళ్లో బయల్దేరినా పదకొండు గంటలకల్లా అందరూ అదే మంచు మీద ఉంటారు. కాబట్టి ఇక్కడ మనం ఎంచుకునేది రాత్రి పడుకునే ఊరిని. ఇంకా సూటిగా చెప్పాలంటే, పొద్దున మంచం దిగిన దగ్గర్నుంచి మంచు మీద స్కీ పెట్టేదాకా ఉన్న దారిని.

ఆ దారి ఎంత ముఖ్యమో మాకు మొదటి ఏడాదే అర్థమైంది. ఫిబ్రవరిలో గ్రిండెల్‌వాల్డ్‌లో ఒక ఫ్లాట్ తీసుకున్నాం. బస్‌స్టాప్ పది నిమిషాల నడక అని రాశారు. అబద్ధం కాదు. మామూలు బూట్లతో, ఖాళీ చేతులతో పెద్దవాళ్లు నడిస్తే పది నిమిషాలే. మా బాబుకి అప్పుడు ఐదేళ్లు, పాపకి తొమ్మిది. స్కీ బూటు చీలమండను కదలనివ్వదు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో కాలు బిగించి నడిచినట్టుంటుంది. వాడి స్కీలు, నా స్కీలు రెండూ నా భుజం మీదే. రాత్రి గడ్డకట్టిన మంచు, పైగా ఏటవాలు సందు. బస్సు దగ్గరికి వచ్చేసరికి వాడు ఒకటే ఏడుపు, ఒక గ్లవ్ దారిలో ఎక్కడో పడిపోయింది, క్లాసు మొదలయ్యే టైముకి మేమింకా బస్సులోనే ఉన్నాం. ఆ వారంలో నాలుగు రోజులు పొద్దున్నే అదే టెన్షన్. ఊరి తప్పేమీ లేదు. ఆ ఊళ్లో ఆ ఇంటిని తీసుకున్నది మేమే.

ముందు ఈ మూడు ఊళ్లు ఎక్కడెక్కడున్నాయో చెప్తాను. మూడింటికీ ముఖద్వారం ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్. అక్కడ ఎక్కిన రైలు త్స్వైలూచినెన్ అనే చిన్న స్టేషన్లో రెండు ముక్కలవుతుంది. ఒక సగం ఎడమ లోయలోకి గ్రిండెల్‌వాల్డ్ వెళ్తుంది, ఇంకో సగం కుడి లోయలోకి లౌటర్‌బ్రునెన్ వెళ్తుంది. ఏ పెట్టె ఎటు పోతుందో ప్లాట్‌ఫామ్ మీద, పెట్టె మీద రాసి ఉంటుంది. సూట్‌కేసులు, పిల్లలు, స్కీలతో ఎక్కే కంగారులో అది చదవడం మర్చిపోవద్దు. గ్రిండెల్‌వాల్డ్‌కి కారు కూడా వెళ్తుంది. వెంగెన్, మ్యూరెన్‌లకు కారు దారి లేదు. లౌటర్‌బ్రునెన్ లోయకు రెండు వైపులా, కొండ అంచున ఎదురెదురు అరుగుల మీద కూర్చున్నట్టుంటాయి ఆ రెండూ. వెంగెన్‌కి లౌటర్‌బ్రునెన్ నుంచి రంపపు పళ్ల లాంటి పట్టాల మీద కొండెక్కే రైలు ఉంది, పావుగంట ప్రయాణం. మ్యూరెన్‌కి అయితే కేబుల్ కారులో గ్రూచాల్ప్ దాకా ఎక్కి, అక్కడ చిన్న రైలు పట్టుకోవాలి. లేదంటే లోయ చివర స్టెషెల్‌బర్గ్ నుంచి నేరుగా కేబుల్ కారులో వెళ్లొచ్చు.

నేర్చుకునే పిల్లలుంటే వెంగెన్

ముందే చెప్పేస్తాను, నాలుగు నుంచి పదేళ్ల లోపు పిల్లలు మొదటిసారి స్కీలు కట్టుకోబోతుంటే నా ఓటు వెంగెన్‌కి. రెండో ఏడాది మేం వెళ్లింది అక్కడికే.

1,274 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో పిల్లలు నేర్చుకునే వాలు ఊరి మధ్యలోనే ఉంది. ఇళ్ల మధ్య తెల్లటి చాప పరిచినట్టు. స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడక. క్లాసులో పిల్లల్ని వదిలి మీరు పక్కనే కాఫీ తాగుతూ చూసుకోవచ్చు. వాడికి చలేసినా, బాత్రూమ్ వచ్చినా, ఇంక చాలమ్మా అన్నా ఇల్లు పక్కనే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ చిన్నపిల్లలు మంచు మీద రెండు మూడు గంటలకు మించి ఉండలేరు. మిగతా రోజంతా మీరు ఏం చేయగలరన్నది ఇల్లు ఎంత దగ్గరుందన్న దాని మీదే ఉంటుంది. స్విస్ స్కీ స్కూళ్లలో చిన్న పిల్లల క్లాసులకు స్నోలీ అనే కుందేలు బొమ్మ గుర్తు. మావాడు వారం పొడుగునా ఆ కుందేలు కోసమే లేచి తయారయ్యాడు. నేను లేపాల్సిన పనే లేకపోయింది.

రెండో మెట్టు కూడా ఇక్కడ సులువు. ఊరి నుంచి మెన్‌లిషెన్‌కి కేబుల్ కారు ఉంది, కొద్ది నిమిషాల్లో పైన దింపుతుంది. అక్కడ వెడల్పాటి, మెత్తటి వాలున్న నీలం బాటలున్నాయి. స్విట్జర్లాండ్‌లో నీలం అంటే తేలిక, ఎరుపు అంటే మధ్యరకం, నలుపు అంటే కష్టం. ఫ్రాన్సులో ఉండే ఆకుపచ్చ రంగు ఇక్కడ లేదు, కాబట్టి నీలాల్లోనే బాగా తేలికవీ, కాస్త నిటారువీ రెండూ కలిసి ఉంటాయి. టీచర్ని అడిగి వెళ్లండి. ఇంకో రంగు కూడా కనిపిస్తుంది, పసుపు. ఆ బాటలకు గుర్తులుంటాయి కానీ మంచును చదును చేయరు. పిల్లలతో అటు వద్దు.

వెంగెన్‌లో నాకు బాగా నచ్చింది రైలు. 1893 నుంచి నడుస్తున్న ఈ కొండ రైలు ఊరి నుంచి క్లైనె షైడెగ్ దాకా వెళ్తుంది. కేబుల్ కార్లు, గొండోలాలు (తీగ మీద వరసగా కదిలే పెట్టెలు) గాలి ఎక్కువైతే ఆపేస్తారు. ఫోన్ అని ఇక్కడ దక్షిణం నుంచి దిగే వెచ్చటి గాలి ఒకటి ఉంది, అది వీచిన రోజు ఎత్తైన లిఫ్టులన్నీ నిలిచిపోవచ్చు. అలాంటి రోజున కూడా పట్టాల మీద బండి నడిచే అవకాశం ఎక్కువ. ఇంకొకటి, రైలు కిందికి కూడా వస్తుంది కదా. మధ్యాహ్నం మూడింటికి పిల్లాడు ఇంక ఒక్క అడుగు కూడా వేయనంటే, కొండ మీద ఎత్తుకుని దిగాల్సిన పని లేదు. స్టేషన్లో కూర్చుంటే రైలే ఇంటికి తెస్తుంది. స్కీయింగ్ చేయని మా అమ్మ కూడా అదే రైల్లో పైకొచ్చి మాతో కలిసి భోంచేసి, ఐగర్ కొండ ఉత్తరపు గోడను ఎదురుగా పెట్టుకుని ఎండలో కూర్చునేది.

లోపాలూ చెప్పాలి. కారు లేని ఊరంటే సామాను మోత మీదే. చాలా హోటళ్లు స్టేషన్‌కి కరెంటు బండి పంపుతాయి, ఫ్లాట్ తీసుకుంటే ఆ సదుపాయం ఉండకపోవచ్చు. ఊరు చదునుగా ఉండదు, కొన్ని సందులు బాగా ఏటవాలు. గది చూసేటప్పుడు స్టేషన్‌కి ఎంత దూరం అని అడగడంతో ఆగకండి, స్టేషన్‌కి పైనా కిందా అని కూడా అడగండి. సాయంత్రం ఆరు దాటితే ఊరు సద్దుమణుగుతుంది. కొత్త షాపులు, సందడి కావాలనుకునే పదిహేనేళ్ల పిల్లలకు నాలుగో రోజుకు విసుగు రావచ్చు.

జనవరి నడిమిలో మాత్రం ఆ ప్రశాంతత అస్సలు ఉండదు. లౌబర్‌హోర్న్ స్కీ పందెం అప్పుడే. 1930లో మొదలైన ఈ పందెంలో డౌన్‌హిల్ బాట దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, ప్రపంచ కప్ పందేలన్నిట్లోకీ పొడవైనది. చూడాలనే పట్టుదల ఉంటే ఆ వారానికే వెళ్లండి, ఆ వేగాన్ని కళ్లారా చూస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. నేర్చుకోవడానికి వెళ్తుంటే మాత్రం ఆ వారం వద్దు. గదులు దొరకవు, రైళ్లు కిటకిటలాడతాయి.

ఇంట్లో సగం మంది స్కీయింగ్ చేయకపోతే గ్రిండెల్‌వాల్డ్

మొదటి ఏడాది మేం పడిన అవస్థ చూసి గ్రిండెల్‌వాల్డ్‌ని తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. ఆ వారంలో అందరికంటే ఆనందంగా గడిపింది మా అమ్మ. ఆమెకి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పి, స్కీల జోలికి పోలేదు. కానీ రోజుకొకటి చూడ్డానికి దొరికింది.

ఊరి నుంచే ఫిర్స్ట్ అనే కొండకు గొండోలా ఉంది, 2,166 మీటర్లు. స్పెల్లింగ్ చూసి ఇంగ్లీషులో "ఫస్ట్" అని చదివేస్తారు చాలామంది. దక్షిణం వైపు తిరిగిన కొండ కాబట్టి రోజంతా ఎండ. పైన కొండ అంచున గోడకు ఆనించి కట్టిన ఇనుప నడక దారి ఉంది. దాని కొసన నిలబడితే ఎదురుగా ఐగర్, పాదాల కింద ఖాళీ. అమ్మ సగం దాకా వెళ్లి, రెయిలింగ్ గట్టిగా పట్టుకుని, "చాలు, నాకిది చాలు" అంది. అక్కడే చాలాసేపు నిలబడిపోయింది.

ఇక యుంగ్‌ఫ్రావ్‌యోహ్ అనే కనుమ. పదహారేళ్లు కొండను తొలిచి 1912లో తెరిచిన రైలు మార్గం, 3,454 మీటర్ల దగ్గర ఆగుతుంది. గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఇప్పుడు ఆ ప్రయాణం చాలా తగ్గిపోయింది. 2020 డిసెంబరులో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే గొండోలా ఊరి అంచున ఉన్న టెర్మినల్ నుంచి 2,320 మీటర్ల ఎత్తున ఉన్న ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కి పావుగంటలో చేరుస్తుంది, అక్కడ ఆ రైలెక్కాలి. ఒక్కో పెట్టెలో 26 మంది కూర్చోవచ్చు. యుంగ్‌ఫ్రావ్‌యోహ్ రైలుకి టికెట్ వేరే కొనాలి, ఖరీదు బాగా ఎక్కువ. మబ్బు పట్టిన రోజు వెళ్తే ఆ డబ్బంతా తెల్లటి పొగమంచు చూడ్డానికే. పైన ఉన్న వెబ్‌క్యామ్ పొద్దున్నే చూసి, ఆకాశం తేటగా ఉంటేనే కొనండి. నెలల పిల్లల్ని, గుండె జబ్బు ఉన్న పెద్దల్ని అంత ఎత్తుకు తీసుకెళ్లే ముందు డాక్టర్ని అడగడం తప్పనిసరి.

మంచు బండి, అంటే స్లెడ్జి ఇష్టమైన వాళ్లకు గ్రిండెల్‌వాల్డ్ స్వర్గం. ఫిర్స్ట్ పైన ఫౌల్‌హోర్న్ కొండ నుంచి ఊరి దాకా 15 కిలోమీటర్ల స్లెడ్జి బాట ఉంది. దిగడం సరదానే, కాకపోతే ముందు ఫిర్స్ట్ నుంచి రెండు గంటలకు పైగా స్లెడ్జి లాక్కుంటూ నడిచి ఎక్కాలి. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు బాగుంటుంది, చిన్నవాళ్లకు వద్దు. వాళ్ల కోసం పొట్టి బాటలు చాలా ఉన్నాయి. ఈ ఊరికే సొంతమైన ఇంకో బండి ఉంది, వెలోగెమెల్. చక్రాలకు బదులు చెక్క కమ్మీలున్న సైకిల్ అనుకోండి. 1911లో ఈ ఊళ్లోనే తయారైంది. మా పాప స్కీయింగ్ కంటే దాని గురించే ఎక్కువ మాట్లాడింది.

వాన పడిన రోజు సంగతి కూడా ఆలోచించాలి. ఈ ఊరి ఎత్తు 1,034 మీటర్లే, ఫిబ్రవరిలో కూడా ఊళ్లో మంచు బదులు వాన పడొచ్చు. అలాంటి రోజున ఊరి క్రీడా కేంద్రంలో ఈత కొలను, ఐస్ రింక్ ఉన్నాయి. మెయిన్ రోడ్డు దాదాపు చదును, షాపులెక్కువ, ఫార్మసీ పక్కనే. వయసైన వాళ్లకు ఇవన్నీ పెద్ద ధైర్యం.

మరి ఎక్కడ ఇబ్బంది? ఊరు పొడుగ్గా పరుచుకుని ఉంటుంది. ఫిర్స్ట్ గొండోలా ఒక చివర, టెర్మినల్ ఇంకో చివర, కింద. పిల్లలు నేర్చుకునే బోడ్మి అనే చోటు ఊరికి పైన, బస్సులో వెళ్లాలి. అంటే స్కీ స్కూలు ఒక దిక్కు, పెద్దవాళ్లు వెళ్లాలనుకునే కొండ ఇంకో దిక్కు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ రెండు జట్లుగా విడిపోవాల్సి వస్తుంది. బోడ్మి దానికదే చక్కటి చోటు, వాలు మెత్తన, ఎండ పుష్కలం. దాని దగ్గర గది దొరికితే మా కథ ఇంకోలా ఉండేది. దొరక్కపోతే స్కీలు, బూట్లు ఇంటికి మోయకుండా లిఫ్టు కింద ఉన్న అద్దె షాపు డిపోలో రాత్రిపూట పెట్టుకోండి. కొద్దిపాటి డబ్బు తీసుకుంటారు, కొన్నిచోట్ల అద్దెలోనే కలిసి ఉంటుంది. మాకు ఆ సంగతి ఐదో రోజు తెలిసింది. ఇంకొక్క మాట. లోయ అడుగున గ్రుండ్ వైపు ఉన్న ఇళ్లకు డిసెంబరు, జనవరిలో ఐగర్ నీడ పడుతుంది. ఎండ కావాలంటే ఊరి పై వైపు గది చూసుకోండి.

స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లకు, నిశ్శబ్దం కోరేవాళ్లకు మ్యూరెన్

మూడిట్లో అందమైన ఊరు ఏదంటే మ్యూరెన్ అని తడుముకోకుండా చెప్తాను. గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్ దగ్గరగా కనిపిస్తుంది, వెంగెన్ నుంచి యుంగ్‌ఫ్రావ్. మ్యూరెన్‌లో కిటికీ తీస్తే ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడూ వరసగా, లోయకు అవతల. దాదాపు 1,640 మీటర్ల ఎత్తున ఉండటంతో ఊళ్లోనే మంచు నిలుస్తుంది. కొన్ని వందల మంది మాత్రమే ఏడాదంతా ఉండే ఊరు. రాత్రి బయటికొస్తే మంచు కింద చెక్క ఇళ్లు, మన అడుగుల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

స్కీయింగ్ చరిత్ర తెలిసినవాళ్లు ఈ ఊరి పేరు ఎంతో గౌరవంగా పలుకుతారు. 1922లో ఆర్నల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు కర్రలు పాతి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలమ్ పందేన్ని ఇప్పటి రూపంలో మొదట నడిపింది ఇక్కడే. 1931లో మొట్టమొదటి ఆల్పైన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. 1928లో మొదలైన ఇన్‌ఫెర్నో పందెం ఇప్పటికీ జనవరిలో జరుగుతోంది. షిల్ట్‌హోర్న్ కొండ వైపు నుంచి లోయ అడుగు దాకా, మామూలు మనుషులు వందల సంఖ్యలో దిగుతారు. ఆ వారంలో కూడా గదులు కష్టం.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. ఈ కొండ స్వభావం అలాంటిది. 2,970 మీటర్ల షిల్ట్‌హోర్న్ నుంచి దిగే బాట పైభాగం నిటారు, నలుపు రంగు. మధ్యరకం బాటలు బాగున్నాయి కానీ తేలికైనవి తక్కువ. ఊరి దగ్గర పిల్లలు నేర్చుకోవడానికి చిన్న వాలు ఉంది, రెండు మూడు రోజులకు సరిపోతుంది. ఆ తర్వాత వెంగెన్‌లో మెన్‌లిషెన్ ఉన్నట్టు ఇక్కడ మెత్తటి రెండో మెట్టు సరిగ్గా లేదు. కొత్తగా నేర్చుకున్న పిల్లలు నేరుగా ఎరుపు బాట మీదికి వెళ్లాల్సి వస్తే భయపడతారు. ఒకసారి భయపడితే మళ్లీ నమ్మకం రావడానికి ఒక వారం చాలదు.

పాపకి పదకొండేళ్లు వచ్చాక, ఎరుపు బాటల మీద నాకంటే బాగా దిగుతున్నప్పుడు, మేమిద్దరం మార్చి నెలలో మూడు రోజులు మ్యూరెన్‌లో ఉన్నాం. వాటికి సాటివచ్చే రోజులు నాకు ఇంకే సెలవులోనూ రాలేదు. పొద్దున తొమ్మిదింటికి మొదటి కేబుల్ కారులో పైకి, బాటల మీద జనం లేరు, కొండలన్నీ గులాబీ రంగు వదిలి తెల్లబడుతున్నాయి. మధ్యాహ్నం 1912 నాటి ఆల్మెన్‌హూబెల్ కొండ రైలెక్కి, పైనుంచి స్లెడ్జి మీద ఊళ్లోకి దిగాం. నడిచేవాళ్లకు వింటరెగ్ వైపు మంచు బాట ఉంది, తేలికైనది. ఊళ్లో ఈత కొలను, ఐస్ రింక్ ఉన్న క్రీడా కేంద్రం కూడా ఉంది. అంత చిన్న ఊరికి అది ఆశ్చర్యమే.

స్టెషెల్‌బర్గ్ నుంచి మ్యూరెన్‌కి 2024 చివర్లో తెరిచిన కేబుల్ కారు ప్రపంచంలోనే అత్యంత నిటారైనది. వాలు 159.4 శాతం, అంటే వంద మీటర్లు ముందుకు పోయేలోపు నూట యాభై తొమ్మిది మీటర్లు పైకి లేస్తుంది. ఎత్తంటే భయపడే వాళ్లుంటే గ్రూచాల్ప్ దారిలో తీసుకెళ్లండి.

మ్యూరెన్‌ని ఎంచుకునే ముందు ఒక్కటి తెలుసుకోవాలి. అది వెంగెన్‌కి ఎదురుగా కనిపిస్తుంది, దీపాలు లెక్కపెట్టేంత దగ్గర. కానీ అటు వెళ్లాలంటే కొండ దిగాలి, లోయ దాటాలి, మళ్లీ ఎక్కాలి. సుమారు గంట పడుతుంది. ఉమ్మడి పాస్ ఉంది కదా, రోజుకో కొండ తిరుగుదాం అనుకుంటే చిన్నపిల్లలతో అది జరగదు. మ్యూరెన్‌లో ఉంటే మ్యూరెన్ కొండకు మాత్రమే సరిపోయే పాస్ తీసుకుంటే డబ్బు మిగులుతుంది. అలాగే వారాన్ని రెండు ఊళ్లకు పంచుకుని గదులు మారడం కూడా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వద్దు. సామాను సర్దడం, విప్పడంలోనే ఒక రోజు పోతుంది.

డబ్బు, తేదీలు

ఖరీదులో మూడు ఊళ్ల మధ్య తేడా తక్కువ, వారాల మధ్య తేడా ఎక్కువ. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, ఆ తర్వాత ఫిబ్రవరి మొత్తం అన్నీ ప్రియం. స్విట్జర్లాండ్‌లో బడులకు ఫిబ్రవరిలో మంచు సెలవులు ఉంటాయి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో వారం, కాబట్టి రద్దీ నెలంతా సాగుతుంది. జనవరి మొదటి వారం దాటాక చలి ఎక్కువ, పగలు తక్కువ, కానీ మనుషులు తక్కువ. పిల్లలకు నేను మార్చి మొదటి సగం అంటాను. పగలు పొడుగు, చేతులు గడ్డకట్టవు. మధ్యాహ్నం దాటాక కింది బాటల మీద మంచు పేరుకుపోయిన తడి ఉప్పులా బరువెక్కుతుంది, అప్పటికి ఎలాగూ పిల్లలు అలిసిపోతారు. వేడి ఏడాదైతే గ్రుండ్ దాకా, లౌటర్‌బ్రునెన్ దాకా దిగే బాటలు మూసేస్తారు, గొండోలాలోనో రైల్లోనో దిగాలి.

ఒక్క రోజు ఉమ్మడి పాస్ పెద్దవాళ్లకు 70 ఫ్రాంకులకు పైనే ఉంటుంది. మొదటిసారి స్కీలు కట్టేవాళ్లకు మొదటి రెండు రోజులు ఆ పాస్ అక్కర్లేదు. నేర్చుకునే వాలు మీద ఉండే చిన్న లిఫ్టుకు విడిగా టికెట్ దొరుకుతుంది. మేం మొదటి ఏడాది నలుగురికీ ఆరు రోజుల పాస్ కొన్నాం. బాబు ఆ వారమంతా బోడ్మి దాటి వెళ్లలేదు.

స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే వెంగెన్, మ్యూరెన్, గ్రిండెల్‌వాల్డ్ మూడు ఊళ్ల దాకా ప్రయాణం అందులోనే వస్తుంది. అమ్మా నాన్నల్లో ఒకరి దగ్గర అది ఉంటే ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు ఫ్యామిలీ కార్డు ఉచితం. ఆరేళ్ల లోపు వాళ్లకు అసలు టికెట్టే లేదు. భోజనం పైన కొండ మీద కొంటే చాలా అవుతుంది. మూడు ఊళ్లలోనూ కూప్ సూపర్‌మార్కెట్ ఉంది కాబట్టి వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

మూడు చోట్లా ఒకేలా పాటించాల్సినవి రెండున్నాయి, ఇక్కడ నేను మొహమాటపడను. హెల్మెట్ పెట్టుకోవాలని స్విట్జర్లాండ్‌లో చట్టం లేదు. అయినా పిల్లలకూ మీకూ పెట్టండి, స్కీలతో పాటు అద్దెకు ఇస్తారు. రెండోది ఇన్సూరెన్స్. మామూలు ప్రయాణ బీమాలో స్కీయింగ్ ఉండదు చాలాసార్లు. శీతాకాల క్రీడలు, కొండ మీది నుంచి కాపాడి తెచ్చే ఖర్చు రెండూ ఉన్నాయో లేదో కాగితం చదివి చూడండి. హెలికాప్టర్ పిలవాల్సి వస్తే నంబరు 1414, అంబులెన్స్ 144. బాట మీద మన కింద, మన ముందు వెళ్తున్నవాళ్లదే మొదటి హక్కు, వెనకవాళ్లే తప్పుకోవాలి. ఈ ఒక్క నియమం పిల్లలకు ముందే నేర్పండి.

బుక్ చేసే వరస కూడా ముఖ్యం. చాలామంది ముందు విమానం, తర్వాత గది, ఆఖరున స్కీ స్కూలు చూస్తారు. పిల్లలుంటే ముందు స్కీ స్కూల్లో ఆ వారానికి, ఆ వయసుకు, ఇంగ్లీషులో చెప్పే క్లాసు ఉందా అని రాసి అడగండి. క్లాసు ఎక్కడ కలుస్తుందో కచ్చితంగా ఆ చోటు తెలుసుకోండి. ఆ చోటును మ్యాప్‌లో పెట్టుకుని, దాని చుట్టూ గది వెతకండి.

వచ్చే ఫిబ్రవరికి అమ్మ మళ్లీ వస్తానంది. పిల్లలిద్దరికీ ఇప్పుడు సొంతంగా దిగడం వచ్చు, బోడ్మి అవసరం తీరిపోయింది. అమ్మకు మళ్లీ ఆ ఇనుప దారి మీద నిలబడాలని ఉంది, ఈసారి కొస దాకా వెళ్తుందట. అందుకని గ్రిండెల్‌వాల్డ్‌నే తీసుకున్నాం. ఇల్లు ఫిర్స్ట్ గొండోలా స్టేషన్‌కి రెండు నిమిషాల దూరం, చదును దారి. స్కీలు డిపోలో పెడతాం.